ఎర్రమట్టి దిబ్బల మీద నడిచేందుకు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రిగారికి,

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కనున్న ఎర్రమట్టి దిబ్బల గురించి ఈ ఉత్తరం. అక్కడ రిసార్టు కట్టమనో, రోప్‌వే వెయ్యమనో అడగడానికి కాదు. సెలవు రోజున పిల్లాపాపలతో వచ్చే మనిషికి ఆ దిబ్బల్ని ఎలా చూడాలో తెలియజెప్పే ఏర్పాటు ఒకటి కావాలి. నడవడానికి ఒక దారి, వెంట నడిచి చెప్పడానికి ఒక మనిషి. అడిగేది ఇంతే.

2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన దేశం నుంచి ఏడు ప్రకృతి స్థలాలు చేరాయి. పంచగని-మహాబలేశ్వర్ దక్కన్ ట్రాప్స్, సెయింట్ మేరీస్ దీవులు, మేఘాలయ గుహలు, నాగా కొండలు, వర్కల. మిగతా రెండూ మన రాష్ట్రానివి: తిరుమల కొండలు, ఎర్రమట్టి దిబ్బలు. ఆ జాబితాలో కనీసం ఏడాది ఉన్నాకే అసలు గుర్తింపుకు ప్రతిపాదన పంపే వీలుంటుంది. ఆ చోటును ఎలా కాపాడతారో, వచ్చిపోయేవాళ్లను ఎలా సంబాళిస్తారో ప్రతిపాదనలో రాసి చూపించాలి. రాసేముందు చేసి చూడటం మంచిది కదా.

ఆదివారం పూట అక్కడ జరిగేది మీకు తెలియనిది కాదు. నగరంలో బయల్దేరిన కుటుంబం రుషికొండలో స్నానాలు చేసి, తొట్లకొండ ఎక్కి బౌద్ధారామం చూసి, దారిలో మొక్కజొన్న పొత్తులు తిని దిబ్బల దగ్గర దిగేసరికి పదకొండు దాటుతుంది. అప్పటికి ఇసుక అట్లపెనంలా కాలుతుంటుంది. సరదాగా చెప్పులు చేత్తో పట్టుకున్నవాళ్లు రెండడుగులేసి మళ్లీ తొడుక్కుంటారు. ఎర్రటి గోడల మధ్య కాసేపు తిరిగి, పిల్లల్ని అంచు మీద నిలబెట్టి ఫొటోలు తీసుకుని, ఇక్కడ ఏ సినిమా తీశారో గుర్తుచేసుకుని కారెక్కేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. చెప్పేవాళ్లు తోడు లేకపోతే ఎవరైనా అంతే చూస్తారు.

చూడటానికి ఏముందో ఈ ఉత్తరం కొంచెం తీరిగ్గానే చెప్పాలి.

చివరి మంచుయుగం ముదిరిన రోజుల్లో, అంటే సుమారు 20,000 ఏళ్ల కిందట, భూమ్మీది నీరు ఎంతో భాగం మంచుగా పేరుకుపోవడంతో సముద్రం ఇప్పటి మట్టానికి 120 మీటర్ల దాకా దిగువకు పోయింది. ఇవాళ మత్స్యకారులు వల వేసే చోట్లు కొన్ని అప్పుడు ఎండిన నేల. ఆరిపోయిన ఆ ఇసుకను గాలి ఎత్తితెచ్చి ఒడ్డున పోసిన కాలంతోనే శాస్త్రజ్ఞులు ఈ దిబ్బల్ని ముడిపెడతారు. అసలు ఆ ఇసుక పుట్టిల్లు తూర్పు కనుమలు. అక్కడి ఖొండలైట్ రాళ్లు అరిగి, గెడ్డలూ నదులూ మోసుకొచ్చి కడలిలో కలిపినదే మళ్లీ గాలి వాటున వెనక్కి వచ్చింది. అందులో తెల్లటి క్వార్ట్జ్‌తో పాటు గార్నెట్, ఇల్మెనైట్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాలున్నాయి. ఇనుమున్న ఖనిజాలు వానకూ ఎండకూ నాని, ఆరి తుప్పుపట్టాయి. ఆ తుప్పు ఒక్కొక్క రేణువునూ పలచని పూతలా చుట్టుకుంది. పెరట్లో వదిలేసిన గునపానికి పట్టే ఎరుపూ ఈ దిబ్బల ఎరుపూ ఒకటే. పేరులో మట్టి ఉందిగానీ అక్కడున్నది చాలామట్టుకు ఇసుకే. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపితే గరగర తెలిసిపోతుంది.

గాలి పోసిన రాశిని తర్వాత వాన తవ్వింది. పైన పడ్డ నీరు సన్నని కాలువలుగా మొదలై, ఒకదాన్నొకటి కలుపుకుంటూ, నిటారు గోడల లోతైన పాయలుగా దిగిపోయింది. పైనుంచి తీసిన చిత్రాల్లో ఆ పాయలన్నీ రావాకు ఈనెల్లా కనిపిస్తాయి. కొత్తగా చూసిన పిల్లలు దీన్ని ఎవరు తవ్వారని అడుగుతారు. నిజంగానే అడగవలసిన ప్రశ్న అది. జవాబు వాళ్ల కళ్ల ముందున్న గోడలోనే ఉంది. పై వరస లేత పసుపు ఇసుక. దాని కింద ఇటుక ఎరుపు. ఇంకా దిగితే ముదురు గోధుమ ఎరుపు, అందులో అక్కడక్కడా గట్టిపడ్డ గడ్డలు. అట్టడుగున మళ్లీ పసుపు. ఒక్కో రంగు ఒక్కో కాలపు గాలీ వానా సంగతి చెబుతుంది. ఆ రంగులు విడివిడిగా చూపించి, ఏది ముందు వచ్చిందో పిల్లల చేతే చెప్పిస్తే బడిలో ఏడాదంతా చెప్పిన పాఠం ఆ అరగంటలో బోధపడుతుంది. ఈ ప్రాంతంలో రాతియుగం మనుషుల పనిముట్లు కూడా దొరికాయి.

ఈ దిబ్బల గురించి మొదట శాస్త్రీయంగా రాసినవాడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్, 1886లో. అదే సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు చూడాలంటే ఇక్కడికైనా రావాలి, తమిళనాడు దక్షిణ తీరంలోని తేరి నేలలకైనా పోవాలి, లేదంటే శ్రీలంక. ఐదు కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఈ చోటు లక్షల జనాభా ఉన్న నగరానికి సిటీ బస్సు దూరంలో ఉండటం అదృష్టమే. దిబ్బల కష్టాలన్నీ కూడా ఆ దగ్గరతనం నుంచే వస్తున్నాయి.

ఇక చూసే పద్ధతి. దిబ్బ చూడవలసిన వేళ పొద్దు పొడిచే వేళ. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే గోడల్లోని చారలు, ఇసుక మీది అలలు తేటగా కనిపిస్తాయి. ఎర్రదిబ్బల నుంచి తీరం వైపు నడిస్తే కొత్త ఇసుక తిన్నెలు వస్తాయి. రాత్రి సంచారమంతా అక్కడ అచ్చుపడి ఉంటుంది. పీత నడకకు చుక్కల వరసలు, పాము పాకుడుకు వంకర గీత, పురుగు వెళ్లిన చోట కుట్టుపనిలాంటి సన్నని జాడ. తొమ్మిది దాటి గాలి లేస్తే అవన్నీ చెరిగిపోతాయి. ఇసుక అలలకు ఒక పక్క వాలు, రెండో పక్క నిలువు. వాలు వైపు నుంచే గాలి వీచింది. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, రాత్రి గాలి ఎటునుంచి వచ్చిందో ఎనిమిదేళ్ల పిల్ల కూడా చెప్పేస్తుంది. ఎండిన ఇసుక ఎంత పోసినా ఒక వాలు దాటి నిలబడదనీ, ముప్పై డిగ్రీలు దాటాక జారిపోతుందనీ ఇంట్లో బియ్యం రాశి పోసి చూసుకోవచ్చు.

అలలు వెనక్కి తగ్గాక ఒడ్డున నల్లటి చారలు, వాటి పక్కనే గులాబీ రంగు చారలు తేలతాయి. నల్లవి ఇల్మెనైట్‌లాంటి ఖనిజాలు, గులాబీవి గార్నెట్. తేలికైన తెల్ల ఇసుకను అల వెనక్కి లాక్కుపోతే బరువైనవి మిగిలిపోతాయి. మన అమ్మమ్మలు చేటలో బియ్యం చెరిగి రాళ్లు వేరు చేసినట్టు సముద్రం రోజంతా ఆ పనే చేస్తుంటుంది. పాత స్పీకరులోని అయస్కాంతం ఒకటి కాగితంలో చుట్టి ఆ నల్ల ఇసుకలో తిప్పితే కొన్ని రేణువులు మీసాల్లా అతుక్కుంటాయి. చూసి అక్కడే దులిపేసి రావాలి.

తిన్నెల మీది మొక్కల సంగతి మరీ ముఖ్యం. నేలబారుగా బారలు బారలు పాకి ఊదారంగు పూలు పూసేది చెవులపిల్లి తీగ. కొందరు బాలబంధి తీగ అంటారు. ముళ్ల బంతుల్లాంటి గింజల గుత్తులతో ఉండే గరుకు గడ్డి రావణాసురుడి మీసాలు. ఆ బంతులు పండాక తెగి గాలికి దొర్లుకుంటూ పోయి దూరంగా విత్తుకుంటాయి. ఊళ్లో పిల్లలకు వాటి వెంట పరుగెత్తడం ఆట. ఇసుకను ముఖ్యంగా నిలబెట్టేది ఈ రెండే. గాలి మోసుకొచ్చిన రేణువు తీగకు తగిలి ఆగుతుంది, ఆగిన ఇసుక మీదికి తీగ మళ్లీ ఎగబాకుతుంది. తిన్నె అలా పెరుగుతుంది. తీగ మీద జీపు నడిపితే, పదేపదే ఒకేచోట తొక్కితే అది చస్తుంది. ఆ బట్టతల మీద గాలి గొయ్యి తవ్వుతుంది. గొయ్యి ఏటికేడు పెద్దదవుతుంది. కాలు ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి కావాలన్నది ఇందుకే.

ఇసుక నీళ్లు దాచుకుంటుందని తీరాంధ్ర రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బాపట్ల నుంచి నెల్లూరు దాకా తీరపు ఇసుక నేలల్లో తవ్వుకునే దొరువులే సాక్ష్యం. పైన పడ్డ వాన ఇసుకలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. లోతుగా తవ్వితే ఉప్పు, పైపైన తోడుకుంటే తీపి. ఏట్లో చెలమ తవ్వి దాహం తీర్చుకున్న తెలివే ఇదీ. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచీ తన తీరపు దిబ్బల నుంచి తాగునీరు తెచ్చుకుంటోంది. అందుకే అక్కడ దిబ్బలంటే నీళ్ల కొట్టు. ఆ దిబ్బల్లోనే జనం సెలవురోజుల్లో గంటలకొద్దీ నడుస్తారు కూడా. నీళ్ల కొట్టూ విహారస్థలమూ ఒకటే కావడానికి అడ్డేమీ లేదన్నమాట.

దిబ్బ మరో పని కూడా చేస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు శ్రీలంకలోని యాల తీరంలో ఒక విహార వసతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. సముద్రం బాగా కనిపించాలని దాని ముందున్న ఇసుక దిబ్బను అంతకుముందు తొలగించారు. దిబ్బలు చెక్కుచెదరకుండా ఉన్న పక్క ప్రాంతాలకు అంత నష్టం జరగలేదని తర్వాత వెళ్లి చూసిన శాస్త్రజ్ఞుల బృందం నమోదు చేసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మరిచిపోలేని రాష్ట్రం మనది. తీరంలో ఏ కట్టడానికి అనుమతి ఇస్తున్నా యాల సంగతి ఒకసారి తలుచుకోవాలి.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. తీర నియంత్రణ మండల నోటిఫికేషన్ ఇసుక దిబ్బల్ని అత్యంత సున్నితమైన వర్గంలో, మడ అడవులతో, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లతో కలిపి ఉంచింది. అందం కోసమో వినోదం కోసమో దిబ్బల్ని చదును చేయడం, మార్చడం కూడదని అందులో విడిగా రాసి ఉంది. అయినా 2024 జూలైలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర యంత్రాలతో నేల చదును చేస్తున్న దృశ్యాలు చూసి జనం నివ్వెరపోయారు. గొడవయ్యాకే పనులు ఆగాయి. వేల ఏళ్లు పట్టి గాలి పేర్చిన వరసలు ఒక పొక్లెయిను పూటలో కలిపేస్తే మళ్లీ పేర్చగలిగిన ఇంజనీరు ఎక్కడా లేడు. ఆ మాట రాస్తుంటే కూడా బాధగా ఉంటుంది.

మంత్రిగారూ, జనాన్ని రానివ్వకుండా కంచె వేసేస్తే సరిపోతుందని కొందరు అంటారు. ఈ ఉత్తరం దానికి ఒప్పుకోదు. చూడని చోటు మీద ఎవరికీ మమకారం పుట్టదు. ఆ జూలైలో గొంతెత్తినవాళ్లకు ఆ దిబ్బలు కళ్లతో చూసిన చోటు. రానివ్వాలి, అయితే ఎటునుంచి రావాలో చూపించాలి.

ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన పిలా దిబ్బ ఉంది. వంద మీటర్లకు పైగా ఎత్తు, యూరప్‌లో అంత ఎత్తయిన ఇసుక దిబ్బ ఇంకోటి లేదు. ఏటా లక్షలమంది ఎక్కుతారు. సీజను మొదలయ్యేటప్పుడు దాని మీద మెట్లు అమరుస్తారు, సీజను అయిపోగానే తీసేస్తారు. ఎందుకంటే ఆ దిబ్బ ఏటా లోపలికి జరుగుతూ ఉంటుంది, కదిలే దిబ్బ మీద శాశ్వతంగా కట్టేది ఏదీ నిలవదు. బండ్లన్నీ అడవి వైపు ఆగిపోతాయి. లిథువేనియాలో కురోనియన్ స్పిట్ అనే సన్నని ఇసుక నాలుక ఉంది. ఒకప్పుడు అక్కడ చెట్లు నరికేస్తే ఇసుక లేచి ఊళ్లకు ఊళ్లనే కప్పేసింది. తర్వాత తరాలు చెట్లు నాటి, గడ్డి పెంచి, ఓపిగ్గా దాన్ని నిలబెట్టాయి. 2000లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అక్కడ పార్నిడిస్ దిబ్బ మీద చెక్క నడకదారులు వేశారు, వాటిని దాటి కాలు పెట్టకూడదు. అయినా వచ్చేవాళ్లు తగ్గలేదు.

మనకు చెక్కదారి అంతటా అక్కర్లేదు. పాయల అడుగున నడక వల్ల పెద్ద హాని లేదు, హాని అంతా అంచుల మీదా గోడల మీదా. అందుకని పైఅంచులు మూసి, రెండు మూడు పాయల్ని మాత్రం తెరిచి, అడుగునుంచి వెళ్లి అడుగునుంచే తిరిగొచ్చేలా తాళ్లూ గుంజలతో ఒక దారి గీస్తే చాలు. ఏటవాలు చోట్ల తీసి పెట్టుకునే చెక్కమెట్లు. వానాకాలంలో ఆ దారి మూసెయ్యాలి. తడిసిన గోడలు విరిగిపడతాయి, అంచు కింద ఇసుక కొట్టుకుపోయి పైకి గట్టిగా కనిపిస్తుంది, మనిషి నిలబడగానే కూలుతుంది. పిల్లల్ని అంచు మీద నిలబెట్టి ఫొటో తీసే తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు ఉంటే చాలు. పెళ్లి ఫొటోలకు ఒక పాయ కేటాయించవచ్చు, గోడల మీద పేర్లు చెక్కకుండా చూసుకుంటే. చక్రాల కుర్చీలో వచ్చే వారికి రోడ్డు వైపున ఒక వాలుదారి, అక్కడినుంచి పాయలు కనిపించేలా ఒక చోటు. బండ్లు నిలిపే స్థలం, మరుగుదొడ్లు, టీకొట్లు దిబ్బలకు ఎడంగా ఉండాలి.

వెంట నడిచే మనుషుల కోసం దూరం వెతకనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల మత్స్యకార పల్లెల్లో చదువుకున్న కుర్రవాళ్లూ అమ్మాయిలూ ఉన్నారు. గాలి పేర్లు, చేపల రాకపోకలు, ఏ నెలలో తాబేలు ఒడ్డెక్కుతుందో వాళ్ల ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన విభాగం అదే నగరంలో ఉంది. విద్యార్థులు రాళ్ల సంగతి పల్లెవాళ్లకు చెప్పాలి, పల్లెవాళ్లు సముద్రం సంగతి విద్యార్థులకు చెప్పాలి. నెల రోజుల శిక్షణ చాలు. జట్టుకు పదిహేను మందిని మించనీయకపోతే మాట అందరికీ వినిపిస్తుంది, ఇసుకా నిలుస్తుంది. బోర్డులు రాయించేటప్పుడు తెలుగులో, పదేళ్ల పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాయించండి.

పర్యాటక శాఖ చేతిలో ఇప్పటికే ఉన్న యాత్రల్ని దీనికి కలపడమూ సులువే. అరకు వెళ్లేవాళ్లు బొర్రా గుహలు చూస్తారు. ఆ గుహల దగ్గర పారే గోస్తనీ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొదటిరోజు గుహలు, రెండోరోజు దిబ్బలు, సంగమం చూపిస్తే కొండ రాయి కడలి ఇసుకగా మారే కథ రెండు రోజుల్లో పూర్తవుతుంది. దారిలో మంగమారిపేట దగ్గర, నీరు తగ్గిన వేళ, సముద్రం చెక్కిన రాతి తోరణం కూడా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు తిన్నెల ఒడ్డున గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఆ గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. అలాంటి ఉదయాలు కొన్ని ముందే ప్రకటిస్తే బడి పిల్లలకు అంతకన్నా మంచి సెలవు ఏముంటుంది? రాత్రిపూట ఒడ్డున పెద్ద లైట్లు, సౌండ్ బాక్సులు ఉండకూడదని ఆ ప్రకటనలోనే చేర్చండి. వెలుతురును చూసి పిల్ల తాబేళ్లు దారి తప్పుతాయి.

వేసవి సెలవుల్లో దిబ్బలు నిప్పుల కుంపటి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. డిసెంబరు, జనవరి అసలైన నెలలు. సంక్రాంతికి ఊళ్లకొచ్చేవాళ్లు, అమెరికా నుంచి పిల్లల్ని తాతల ఇంటికి తీసుకొచ్చేవాళ్లు విశాఖలో దిగేదీ అప్పుడే. కాబట్టి పెద్ద ప్రాజెక్టు నివేదిక కోసం ఆగకుండా వచ్చే డిసెంబరులో నాలుగు ఆదివారాలు ప్రయోగంగా చేసి చూడవచ్చు. రెండు పాయలు, నాలుగు జట్లు, ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సును ఆ నాలుగు రోజులు కొంచెం ముందుగా నడపమని ఆర్టీసీని అడగండి, కార్లు తగ్గుతాయి.

మొదటి ఆదివారం మొదటి జట్టులో మీరూ రండి. ఆ వేళకు ఇసుక ఇంకా చల్లగానే ఉంటుంది, చెప్పులు విప్పి నడవొచ్చు.

ఇట్లు,
విశాఖ తీరవాసి ఒకరు